దక్కను శీతకాలంలో వెదురు పిచ్చుక

గింజలు తిని బతికే చిన్న పిట్టలన్నిటికీ ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా, చివర సూదిగా ఉంటుంది కనుక వాటన్నిటినీ ఒకే కుటుంబంగా భావించడం సహజమే అయినా, పక్షిశాస్త్రం వాటిని వేరువేరు వంశాలుగా విడదీసింది. ఈత చెట్లకూ తుమ్మ కొమ్మలకూ గూళ్లు వేలాడదీసే గిజిగాడు ఒక కుటుంబానికి చెందినది. గడ్డి కంకుల మీద గుంపులుగా వాలే జినువాయిలు మరొక కుటుంబానివి. ఇంటి చూరుల్లో కాపురం చేసే ఊరపిచ్చుక ఇంకొకటి. ఈ మూడింటికీ భిన్నమైన నాలుగో కుటుంబం ఫ్రింజిల్లిడే, అంటే శాస్త్రవేత్తలు అసలైన ఫించ్‌లుగా పరిగణించే పక్షుల వంశం. ఐరోపా, సైబీరియా, చైనా, జపాన్ అడవుల్లోనూ హిమాలయాల్లోనూ ఈ వంశానికి చెందిన జాతులు పదుల సంఖ్యలో ఉండగా, ద్వీపకల్ప భారతదేశపు మైదానాల్లో మాత్రం దాదాపు లేవనే చెప్పాలి. ఆ లోటును ఏటా కొన్ని నెలలపాటు తీర్చే పిట్ట ఒకటుంది. శంషాబాద్ చుట్టుపక్కల తుప్పల్లోనూ, హిమాయత్‌సాగర్ గట్ల దిగువనా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లోనూ చలికాలంలో వెతకదగిన ఆ పక్షి పేరు వెదురు పిచ్చుక. ఇంగ్లీషులో దాన్ని కామన్ రోజ్‌ఫించ్ అంటారు. శాస్త్రీయ నామం కార్పోడాకస్ ఎరిథ్రినస్.

తెలుగు పేరును గ్రంథస్థం చేసినవాడు థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేరి, కొంతకాలం నెల్లూరులో పనిచేసిన ఈయన 1862–64 మధ్య వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో ప్రతి జాతికీ స్థానికులు వాడే పేర్లను సేకరించి ఇచ్చాడు. ఈ పక్షికి ఆయన నమోదు చేసిన తెలుగు పేర్లు రెండు: వెదురు పిచ్చుక, వెదురు జినువాయి. దక్షిణాదిన ఈ పిట్టను తాను ఎక్కువగా చూసింది వెదురు అడవుల్లోననీ, అక్కడ అది వెదురు గింజలు తింటూ కనిపించిందనీ ఆయన రాశాడు. ఆయనకు ఆ పేర్లు చెప్పినవారెవరో పుస్తకంలో లేదు గానీ, పక్షి ఎక్కడ ఉంటుందో, ఏమి తింటుందో గమనించి మరీ పేరు పెట్టినవారు అడవిని బాగా ఎరిగినవారై ఉండాలి.

ఊరపిచ్చుకంత పరిమాణం, పాతిక గ్రాములకు అటూ ఇటూగా బరువు ఉండే ఈ పక్షిలో వయసు వచ్చిన మగదానికి తల, గొంతు, ఛాతీ, నడుము పైభాగం ఎర్రగా ఉంటాయి. పొట్ట తెల్లబారి ఉంటుంది. రెక్కలు, తోక గోధుమ రంగులో ఉంటాయి. ఆడపక్షిలో ఎరుపు అన్నదే లేదు. బూడిద కలిసిన గోధుమ రంగు ఒంటి మీద సన్నని నిలువు గీతలు, రెక్కపై రెండు లేత పట్టీలు, ఏ గుర్తూ లేని ముఖంలో నల్లపూసలాంటి కన్ను, చివర కాస్త చీలినట్టుండే తోక మాత్రమే దాని ఆనవాళ్లు. మగపిల్లలు కూడా మొదటి ఏడాదంతా తల్లి రంగులోనే ఉంటాయి. అంతేకాదు, ఆ గోధుమ రంగు మగపక్షులు మరుసటి వేసవిలో పొదిగే చోటికి వెళ్లి, ఎర్రదనం రాకముందే పాట పాడతాయి, జతకడతాయి, పిల్లల్ని కూడా పెంచుతాయి. అందువల్ల చలికాలంలో తెలంగాణకు వచ్చే గుంపులో ఎర్రని పక్షులు తక్కువగా, గోధుమ రంగువి ఎక్కువగా కనిపించడం చూసి ఆడపక్షులే ఎక్కువగా వలస వచ్చాయని అనుకోవడం పొరపాటు అవుతుంది.

ఈ వంశపు ప్రత్యేకత అంతా ముక్కులోనూ దవడలోనూ ఉంది. గింజను నోట పట్టిన తరువాత పక్షి దాన్ని నాలుకతో తిప్పి, పై ముక్కు లోపలి గాడికీ కింది ముక్కు పదునైన అంచుకూ మధ్య సరిగ్గా ఇరికించి నొక్కుతుంది. పొట్టు పగిలాక నాలుక మళ్లీ గింజను దొర్లించి, పొట్టును బయటికి నెట్టి, పప్పును మాత్రం లోపలికి పంపుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది కనుక చూసేవారికి ముక్కు పక్కల నుంచి పొట్టు రాలడం ఒక్కటే కనిపిస్తుంది. ఒకే బరువున్న జినువాయితో పోలిస్తే ఫించ్‌కు దవడ కండరాలు పెద్దవనీ, కొరికే బలం ఎక్కువనీ కొలతలు తీసిన పరిశోధకులు తేల్చారు. అంటే రెండూ గింజలే తింటున్నా, గట్టి పెంకు ఉన్న గింజలు ఫించ్‌కు అందుబాటులో ఉంటాయి, జినువాయి మాత్రం చాలావరకు మెత్తని గడ్డిగింజలతో సరిపెట్టుకుంటుంది. మింగిన పప్పును కడుపులోని కండర సంచి, అంటే పక్షుల్లో పళ్లకు బదులుగా పనిచేసే అవయవం, పక్షి ఏరుకుని మింగిన ఇసుక రేణువుల సాయంతో నూరుతుంది. రోడ్డు పక్కన మట్టిలో గింజలేవీ లేని చోట కూడా ఇలాంటి పిట్టలు ముక్కుతో ఏరుకోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఈ దవడ బలం ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే తూర్పు ఆసియా అడవుల వైపు చూడాలి. రష్యా దూర ప్రాచ్యంలోనూ ఈశాన్య చైనాలోనూ జపాన్‌లోనూ పొదిగే ఇకారు అనే పక్షి వెదురు పిచ్చుకకు దూరపు బంధువు. బరువులో దానికి మూడు రెట్లకు పైగా ఉండే ఇకారుకు బూడిద రంగు ఒళ్లు, నల్లని తల, ముఖం మధ్యలో ముఖాన్నే మింగేసేటంత పెద్ద పసుపుపచ్చని ముక్కు ఉంటాయి. ఆకురాల్చే అడవుల్లో చెట్ల గట్టి గింజలను పగలగొట్టి తినడం దాని వృత్తి. బీన్సు వంటి గుండ్రని గింజను ముక్కులో అటూ ఇటూ దొర్లించే అలవాటును చూసి జపాన్‌వారు దానికి గింజలు తిప్పేది అనే మారుపేరు కూడా పెట్టారు. ఇదే తెగకు చెందిన ఐరోపా జాతి ఒకటి ఆలివ్ కాయల టెంకలను కూడా పగలగొట్టగలదని, అందుకు దాని దవడ నలభై ఎనిమిది కిలోల పైన బరువుకు సమానమైన ఒత్తిడిని కలిగించవలసి ఉంటుందని 1950లలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. యాభై, అరవై గ్రాముల పక్షికి అది అసాధారణమైన శక్తి. వెదురు పిచ్చుకకు అంత బలం లేదు, అవసరమూ లేదు. చిన్న గింజలనూ పండ్లనూ మొగ్గలనూ పూతేనెనూ కూడా వదలకుండా తినడం ద్వారా అది ఇకారు పోలేని చోట్లకు పోగలిగింది. ముక్కు ఎంత ప్రత్యేకమైతే పక్షి సంచారానికి హద్దులు అంత దగ్గరవుతాయన్నది ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగే అభిప్రాయం.

దక్కనులో వెదురు పిచ్చుక ఆహారంలో వెదురు గింజలతో పాటు మర్రిపండ్లు, పొలాల గట్లపై పెరిగే లంటానా కాయలు, జొన్న కంకులు, అడవి పొదల గింజలు ఉంటాయి. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. పికిలిపిట్ట లంటానా కాయను మింగినప్పుడు గుజ్జు జీర్ణమై, గింజ చెక్కుచెదరకుండా రెట్టలో పడి మరోచోట మొలుస్తుంది. అంటే పికిలిపిట్ట తింటూనే నాటుతుంది. వెదురు పిచ్చుక గుజ్జును గీకి పారేసి గింజనే పగలగొట్టే పక్షి కనుక దాని నోట పడిన గింజ మొలకెత్తే అవకాశం తక్కువ. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చి దక్కను తుప్పలను ఆక్రమించిన లంటానా విషయంలో ఈ అలవాటు మేలే చేయవచ్చు గానీ, మొక్కల దృష్టితో చూస్తే ఫించ్‌లు దొంగలే. పక్షులన్నీ అడవిని నాటుతాయని పాఠ్యపుస్తకాల్లో కనిపించే వాక్యం ఈ వంశం దగ్గర నిలబడదు.

ఇలాంటి దొంగల నుంచి గింజను కాపాడుకోవడానికి వెదురు ఎంచుకున్న మార్గం వృక్షశాస్త్రంలో ప్రసిద్ధమైనది. నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో విరివిగా పెరిగే గట్టి వెదురు పాతిక నుంచి నలభై అయిదు ఏళ్ల పాటు పూయకుండా పెరిగి, ఆ తరువాత ఒక ప్రాంతంలోని పొదలన్నీ ఒకేసారి పూసి, లెక్కకు మించిన గింజను రాల్చి చనిపోతాయి. ఎలుకలు, అడవికోళ్లు, జినువాయిలు, వెదురు పిచ్చుకలు ఎంత తిన్నా ఇంకా మిగిలేంత గింజను ఒక్క కాలంలో కుమ్మరిస్తే కొంతైనా మొలకెత్తుతుందన్న వివరణను అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్ 1976లో విస్తృతంగా ప్రతిపాదించాడు. అడవి ప్రజలు ఆ గింజను వెదురు బియ్యంగా వండుకుంటారు. వెదురు పూత కరువుకు సూచన అనే నమ్మకం దేశంలో చాలాచోట్ల ఉండడానికి కారణం, ఆ గింజతో పెరిగిపోయిన ఎలుకలు గింజ అయిపోయాక పొలాల మీద పడడమే. మిజోరంలో 1959లో వచ్చిన కరువు ఇందుకు చరిత్రలో నిలిచిన ఉదాహరణ. సిర్పూర్ కాగితపు మిల్లు వంటి పరిశ్రమలకు వెదురు ముడిసరుకు అయిన తరువాత నరుకుడు పెరిగింది. పూత కాలం దాకా బతకని వెదురు పొద పిట్టకు గింజనివ్వదు. అయితే పక్షి ఒక్క వెదురునే నమ్ముకుని ఉంటే నలభై ఏళ్లకొకసారి పండే పంట కోసం ఏటా రావడం సాధ్యం కాదు. వెదురు పూసిన ఏడు అక్కడ గుంపులు కట్టడం, పూయని ఏళ్లలో తుప్పల్లో, చేలలో, మర్రి చెట్లపై చెదిరిపోవడం దాని పద్ధతి. ఒక ఏడు విరివిగా కనిపించి మరుసటి ఏడు మాయమవడాన్ని పక్షుల సంఖ్య తగ్గడంగా వెంటనే లెక్కగట్టకూడదు. గింజ ఎక్కడ పండిందో కూడా చూడాలి.

ఈ జాతి పొదిగే ప్రాంతం పడమర ఐరోపా నుంచి తూర్పున కంచత్కా దాకా, దక్షిణాన హిమాలయాల దాకా వ్యాపించింది. హిమాలయాల్లో పొదిగేవి ఒక ఉపజాతి, ఉత్తర ఐరోపా, సైబీరియాల్లోనివి మరొకటి. రెండూ చలికాలంలో భారతదేశానికి దిగుతాయి. కార్పోడాకస్ ప్రజాతి మొత్తం హిమాలయాలు, పశ్చిమ చైనా కొండల చుట్టూ పుట్టి పెరిగిందని జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. అక్కడి నుంచి బయలుదేరి ఉత్తర ఆసియా అంతటా పరచుకున్న కొద్ది జాతుల్లో వెదురు పిచ్చుక అగ్రగామి. ఆ వ్యాప్తి ఇంకా ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అది స్వీడన్‌లో స్థిరపడింది, తరువాత జర్మనీకి, నెదర్లాండ్స్‌కు చేరింది, 1982లో స్కాట్లాండ్‌లో గూడు పెట్టింది. విచిత్రమేమిటంటే, పడమరకు అంత దూరం జరిగిన పక్షులు చలికాలానికి దగ్గరలోని ఆఫ్రికాకు పోవు. తాతముత్తాతలు వచ్చిన దారినే వెనక్కి నడిచినట్టుగా ఆగ్నేయ దిశగా ప్రయాణించి భారత ఉపఖండానికే చేరుకుంటాయి. హెల్సింకీ నుంచి హైదరాబాదుకు నేరుగా కొలిచినా ఆరు వేల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఉత్తర ఐరోపాకు అవి మే నెల రెండో సగంలో చేరతాయి. ఆడపక్షి పొదలో గడ్డితో గూడు కట్టి, నల్లని చుక్కలున్న నీలిరంగు గుడ్లు నాలుగైదు పెట్టి, పన్నెండు రోజుల చుట్టూ ఒంటరిగా పొదుగుతుంది. పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ తమ గొంతుసంచిలో నానిన గింజలను కక్కి పెడతారు. ఆగస్టు కల్లా తిరుగుప్రయాణం మొదలవుతుంది. ఏడాదిలో మూడు నెలలు కూడా పూర్తిగా గడపని చోటును ఈ పక్షికి స్వదేశంగానూ, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా మేసే చోటును పరాయి దేశంగానూ చెప్పే అలవాటు పుస్తకాల్లో బలంగా పాతుకుపోయింది గానీ, ఆహారం లెక్కన చూస్తే ఆ మాట తలకిందులవుతుంది.

అలా అనడానికి మరింత గట్టి ఆధారం ఎర్ర రంగులోనే ఉంది. పక్షులు ఈకల్లోని ఎరుపు, పసుపు రంగులను సాధారణంగా స్వయంగా తయారుచేసుకోలేవు. మొక్కల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే వర్ణద్రవ్యాలను తిండి ద్వారా సంపాదించాలి. ఆకుల్లో, కాయల్లో, గింజల్లో దొరికేది ఎక్కువగా పసుపు రకం. దాన్ని ఎరుపు రకంగా మార్చే ఎంజైమును రూపొందించే జన్యువు ఏదో 2016లో రెండు పరిశోధక బృందాలు, ఒకటి ఎర్ర కెనరీ పక్షుల్లోనూ మరొకటి జీబ్రా ఫించ్‌ల్లోనూ, దాదాపు ఒకే సమయంలో గుర్తించాయి. తిండి, దాన్ని మార్చే శరీరం, ఆ సమయంలో మొలుస్తున్న ఈక, ఈ మూడూ కలిస్తేనే ఎరుపు వస్తుంది. ఇక్కడే కాలం కీలకమవుతుంది. చాలా వలస పక్షులు పొదిగిన చోటే పాత ఈకలు రాల్చి, కొత్తవి తొడుక్కుని బయలుదేరుతాయి. ఉత్తర దేశాల్లో పొదిగే వెదురు పిచ్చుకల్లో పెద్దవి మాత్రం పాత ఈకలతోనే ప్రయాణించి, శీతకాలపు విడిదికి చేరాక ఈకలు మార్చుకుంటాయి. కనుక వచ్చే వేసవిలో ఫిన్లాండ్ తోటల్లో ఆడపక్షిని ఆకర్షించే ఆ ఎర్రదనానికి ముడిసరుకు భారతదేశపు కాయల్లోనూ గింజల్లోనూ దొరికిందే. కొత్త ఈకల అంచులు మొదట్లో లేత రంగులో ఉండి ఎరుపును కప్పేస్తాయి. నెలలు గడిచేకొద్దీ ఆ అంచులు అరిగి లోపలి రంగు బయటపడుతుంది. నవంబరులో గులాబీ మసకగా కనిపించిన మగపక్షి మార్చి నాటికి నిండు ఎరుపుతో కనిపించడానికి కారణం అరుగుదలే తప్ప కొత్త రంగు కాదు.

పంజరంలో ఈ రంగు నిలవదు. ఉత్తరాదిన తూతీ అనే పేరుతో ఈ పక్షిని పాటకోసం పెంచేవారు. పంజరంలో ఉండి ఈకలు మార్చుకున్న మగపక్షికి తినడానికి పొడి గింజలు తప్ప అడవి కాయలు దొరకవు కనుక, కొత్త ఈకలు పసుపు కలిసిన గోధుమ రంగులోకి దిగజారతాయి. హైదరాబాదు పాతబస్తీ పక్షుల సంతలో ఒకప్పుడు ఎర్ర జినువాయిలు, చిలకలు బుట్టల లెక్కన అమ్ముడుపోయేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు స్వదేశీ అడవి పక్షుల వ్యాపారాన్ని నేరంగా చేశాయి.

ఇక శంషాబాద్ ప్రాంతపు నేల సంగతి. ఇక్కడిది దట్టమైన అడవి కాదు. దాదాపు రెండున్నర వందల కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం, రేగు, తుమ్మ, లంటానా పొదలు, వాటి మధ్య ఎండిన గడ్డి, చెరువుల కింద పొలాలు. గింజలు తినే పక్షులకు ఇటువంటి నేల అడవికన్నా ఎక్కువ ఇస్తుంది. మూసీ వరదల తరువాత నగర రక్షణకోసం తలపెట్టి, 1927లో ఈసీ నది మీద పూర్తిచేసిన హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఈ తుప్పలు చాలాకాలం మిగలడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు కూడా కారణం: 1996 మార్చిలో వెలువడిన జీవో 111, హిమాయత్‌సాగర్‌తో కూడిన జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై పరిమితులు విధించింది. తాగునీటి కోసం చేసిన ఆ ఏర్పాటు పిట్టలకూ నీడనిచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ పరిమితులను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. తుప్ప నేలకు రెవెన్యూ రికార్డుల్లో బీడు అని పేరు. ఆ పేరు ఉన్నంతవరకు దాన్ని ఖాళీ స్థలంగానే చూస్తారు.

ఈ శంషాబాద్ నేల మీదే 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో విస్తరించి ఉంది. విమానాశ్రయాలకూ పక్షులకూ మధ్య వైరం ప్రపంచమంతటా ఉన్నదే. ఇంజన్‌లోకి పక్షి దూరితే కలిగే ప్రమాదం దృష్ట్యా రన్‌వే పక్కన గడ్డిని విత్తు పట్టనివ్వకుండా కత్తిరించడం, పురుగులను అదుపులో ఉంచడం, నీరు నిలవనివ్వకపోవడం తప్పనిసరి పనులు. 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు బహిరంగంగా జంతువధ చేయడాన్నీ చెత్త పారబోయడాన్నీ నిషేధించింది. ఆ నియమం ఉద్దేశించింది గద్దల వంటి పెద్ద పక్షులను. పాతిక గ్రాముల పిట్ట ఒంటరిగా తెచ్చే ముప్పు స్వల్పమైనా, గుంపుగా ఎగిరితే దాన్నీ లెక్కలోకి తీసుకోవలసిందే. ప్రహరీ లోపల గింజ లేకుండా చేయడం న్యాయమైన పనే. కానీ లోపల లేని గింజ బయట కూడా లేకుండా పోతే, అంటే ఔటర్ రింగ్ రోడ్డు వెంట గుట్టలు చదునై, జొన్నచేలు ప్లాట్లయి, మర్రిచెట్లు రోడ్డు వెడల్పుకు బలైతే, వలస పిట్టకు ఈ దారిలో ఆగడానికి కారణమే ఉండదు. అప్పుడు విమానాలకు మిగిలే పొరుగు చెత్తకుప్పల మీద బతికే గద్దలు మాత్రమే. చుట్టూ తుప్పలు మిగిలి ఉండడం విమానాశ్రయానికే మంచిదని చెప్పవచ్చు. ఈ కోణంలో జరిగే చర్చ మాత్రం తక్కువ.

దక్కను పక్షుల సమగ్ర పరిశీలన నిజాం కాలంలోనే మొదలైంది. సలీం అలీ 1931–32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి చేసిన సర్వే ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయ్యాయి. 1980లో ఏర్పడిన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, ఆ పనిని సామాన్యుల చేతికి తెచ్చింది. వెదురు పిచ్చుక విషయంలో సామాన్యుల పరిశీలనకు ప్రత్యేకమైన విలువ ఉంది, ఎందుకంటే ఎర్రని మగపక్షి కనిపించిన రోజు అందరూ రాసుకుంటారు గానీ, గోధుమ రంగు పక్షులు మాత్రమే ఉన్న గుంపును ఊరపిచ్చుకలనో గిజిగాళ్లనో అనుకుని వదిలేస్తారు. భేదం తెలుసుకోవడం కష్టం కాదు. ఆడ ఊరపిచ్చుకకూ చలికాలపు గిజిగాడికీ కంటి మీద లేత రంగు కనుబొమ గీత ఉంటుంది, వెదురు పిచ్చుకకు అది ఉండదు. గొంతు మీద పసుపు మచ్చతో పొలాల్లో తిరిగే కొండపిచ్చుక రొమ్ము మీద గీతలుండవు, వెదురు పిచ్చుకకు ఉంటాయి. పొద లోపలి నుంచి చివర కాస్త పైకి లేచే మెత్తని ఈల వినిపిస్తే అక్కడ ఆగి చూడడం మంచిది, ఎందుకంటే ఆ పిట్ట కాయలున్న కొమ్మను వదిలి తొందరగా కదలదు. జనవరి నుంచి మార్చి దాకా ఉదయం పూట లంటానా పొదలనూ, పండిన మర్రిచెట్లనూ, కోతకు వచ్చిన జొన్నచేల అంచులనూ వెతికి, ఎరుపు లేని పక్షులను కూడా లెక్కతో సహా నమోదు చేస్తే, ఏ ఏడు ఏ గింజ వెంట ఈ పక్షి నడిచిందో తేల్చడానికి కావలసిన సమాచారం పోగవుతుంది.